ఆరో గేటు ఆఖరున

ముందుగా క్షమించండి. మా ఆయన పోయాక, అరవై దాటిన తర్వాత అక్షరాలు దిద్దాను. తప్పులు దొర్లుతాయి, చెయ్యీ నెమ్మది. కథను మాత్రం పరుగెత్తిస్తాను.

భవానీపురంలో ఏజెంట్ అన్వరీకి బ్రీఫింగ్ ఐదు నిమిషాల్లో ముగిసింది. కృష్ణకు వరద. మధ్యాహ్నం పన్నెండింటికి ఒక విదేశీ ముఠా తన కంప్యూటర్ నుంచి ఆరు కాలువ గేట్లను ఒకేసారి లేపబోతోంది. కంకిపాడు దిగువ ఊళ్ళు మునుగుతాయి. గేట్ల దగ్గర మన మనిషి కనబడితే గేట్లు లేపే ఆర్డర్ అప్పటికప్పుడే పడుతుంది. పైగా ఆరో గేటు కింద పంపు గదిలో ఏజెంట్ కాశింని కట్టేసి ఉంచారు. కాశిం అన్వరీ తమ్ముడు.

గేట్లకు తాళం వేసే ప్రోగ్రామ్‌ను మన డిపార్ట్‌మెంటు కంప్యూటర్ కుర్రాడు కిరీటి రెండు రకాలుగా రాశాడు. మల్టీప్రాసెస్ అంటే ఆరు మడులకు ఆరుగురు కూలీలు. ఒకడు పడిపోయినా మిగతావాళ్ళు కోస్తూనే ఉంటారు. రెండు నిమిషాల పని. కానీ ముఠా కంప్యూటర్‌లో కాపలా ప్రోగ్రామ్ ఉంది. కొత్త ప్రాసెస్‌లు కనిపిస్తే అలారం మోగుతుంది. సింగిల్ థ్రెడ్ అంటే ఒక్కడే కూలీ. ఉన్న ప్రాసెస్‌లోనే దూరి కనబడకుండా పని చేస్తాడు. ఒక గేటు తర్వాత ఒకటి, పన్నెండు నిమిషాలు. ఎక్కడ ఇరుక్కున్నా వెనకవన్నీ ఆగిపోతాయి.

రెండింటిమీదా నమ్మకం లేదన్నాడు కిరీటి.

"ఒక్క కూలీనే పంపు. ఆరో గేటు ఆఖరున పెట్టు. దాని కింద ఊరు లేదు," అంది అన్వరీ.

"కాశిం గారున్నారండీ."

"ఒక్కడే."

బెంజ్ సర్కిల్‌లో ముఠా ఆఫీసులోకి అన్వరీ గాజులమ్మే మనిషిగా వెళ్ళింది. గాజుల మలారం అడుగున, కిరీటి ప్రోగ్రామ్‌ను లోపలికి పంపే అగ్గిపెట్టెంత ట్రాన్స్‌మిటర్. కంప్యూటర్‌కు నాలుగడుగుల లోపే ఉండాలి. ఆ కంప్యూటర్ ముందు ఛాయాదేవి. సిల్కు చీర, ఖరీదైన సెంటు. జీతం మన డిపార్ట్‌మెంటుది, పని ముఠాది. అన్వరీ ముఖం మాత్రం ఎరగదు. శ్రావణ శుక్రవారమని చెయ్యి చాచింది. 11:47. ప్రోగ్రామ్ మొదలైంది. అన్వరీ సబ్బునీళ్ళు రాసి ఒక్కొక్క గాజే ఎక్కించసాగింది.

చెవికమ్మలోంచి కిరీటి గొంతు ఒకటి, రెండు, మూడు అని లెక్క చెబుతోంది. నాలుగో గేటుకు తాళం పడింది. ఐదోది మొరాయించింది. చేయగలిగిందేమీ లేదు.

లోపలి గదిలోంచి ముఠాకు ఇక్కడి నాయకుడు లక్ష్మీకాంత్ పిలిచాడు. స్క్రీన్ నెమ్మదించింది, చూడమన్నాడు. ఛాయాదేవి ఎడమ చేతినిండా గాజులతో సగం లేచింది.

"ఒక చెయ్యి వట్టిగా పెట్టుకుని లేస్తారామ్మా, శుక్రవారం పూట?"

ఛాయాదేవి కుడిచెయ్యి చూసుకుంది. మూడు దేశాలను మోసగించిన మనిషి మళ్ళీ కూర్చుంది.

"త్వరగా కానియ్."

"త్వరపడితే పగులుతాయి తల్లీ."

11:59కి ఐదో గేటుకు తాళం పడింది. పన్నెండు కొట్టాక ఆరోది అడుగు లేచి, తాళం పడి ఆగింది. బయట కాచుకున్న పోలీసులు తలుపులు తోసుకొచ్చారు.

కాశింని గడ్డం లోతు నీళ్ళలోంచి లాగారు. హాస్పిటల్లో ఒకటే అడిగాడు.

"గేట్ల లిస్టులో నన్నెక్కడ పెట్టావక్కా?"

అన్వరీకి అబద్ధాలాడడంలో ఇరవై ఏళ్ళ సర్వీసు. ఆ రోజు ఒక్కటీ తోచలేదు.

అమలమ్మ, డెబ్భై ఒకటి, ప్రస్తుతం కంకిపాడు