రెండో డబ్బా

మొఘల్‌పురాలో గాజుల దుకాణాల పైఅంతస్తులో నడిచే ఆ కాలేజీలో ఇంటర్ సెకండియర్ వాళ్లకు వారానికి రెండు నీతి పీరియడ్లు. సిలబస్‌లో దాని పేరు ‘మతాలు, తత్వం, నీతి’. పిల్లలు పెట్టుకున్న పేరు ‘నిద్ర’. సుజన మేడం వచ్చాక నిద్ర తగ్గి లొల్లి పెరిగింది. “దేవుడు అన్నీ చూస్తుండంటిరి కదా మేడం, మరి పరీక్షల ఇన్విజిలేటర్ ఎందుకు?” అని జుల్ఫికర్ అడిగితే ఆ గంటంతా దానికే సరిపోయింది.

బుధవారం మధ్యాహ్నం సుజన స్టాఫ్‌రూమ్‌లోకి నలభై రెండు పేపర్లు తెచ్చి లెక్కల సారు నందు ముందర పడేసింది.

“కాపీ కొట్టిండ్రు సార్. అది గూడ నీతి పరీక్షల.”

“కూసోండి మేడం, ముందుగాల తినుండ్రి. మా అమ్మ ఇయ్యాల గూడ పొరపాటున రెండు డబ్బాలు కట్టింది” అన్నాడు నందు, స్టీలు డబ్బా ఆమె వైపు జరుపుతూ.

నందు వాళ్లమ్మ రాజమణి పాల దుకాణం నడుపుతుంది. పాల లెక్కలో చుక్క తేడా రానివ్వని మనిషి. డబ్బాల దగ్గర మాత్రం మూడు నెలలుగా రోజూ పొరపాటు చేస్తోందట. నందు చెప్పగా సుజన విన్నది అంతే.

“ఏం ప్రశ్న ఇచ్చిండ్రు?”

“ఎవరికీ నష్టం లేని అబద్ధం తప్పా, కండ్లార చూసిన ఉదాహరణతోని రాయమన్న. నలభై రెండు మందిదీ ఒక్కటే ఉదాహరణ.” సుజన ఖిచిడీలో ఖట్టా, అదే నువ్వుల పులుసు, కలుపుకుంటూ పైపేపరు తీసి చదివింది. “‘ఒకాయన పొద్దుగాల హోటల్ల తిండి కొని, స్కూటర్ సీటు మీద పెట్టుకొని డబ్బాలకు ఒంపుతడు. ఇంట్ల వండిందని చెప్పి ఒకామెకు పెడతడు. నష్టమైతే ఎవరికీ లేదు. ఆయనకు ధైర్యం లేదు, గంతే.’”

నందుకు పొలమారింది. సుజన నీళ్ల సీసా అందించింది.

“నమ్మి తినే ఆమె ఎవరో గాని, ఒట్టి అమాయకురాలు” అంది.

“అందరూ ఒక్క గల్లీ పిల్లలు కదా మేడం. ఒకటే చూసి ఉండొచ్చు.”

“ఎవరిని చూసిండ్రు? మీకు తెలుసా?”

“నాకేం తెలుసు?”

“సాక్షి లేకుంటే అది కాపీనే. బెల్లు కొట్టంగనే ప్రిన్సిపాల్ సార్‌కు ఇస్త. అందరికీ సున్నా పడ్డదంటే హాల్‌టికెట్లు ఆగుతయ్.” డబ్బా ఖాళీ చేసి, కడిగి, నందు ముందు పెట్టి వెళ్లిపోయింది.

నందు వరండాలోకి వచ్చాడు. జుల్ఫికర్, సోనీ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. రోజూ పొద్దున్న అతను ఖిచిడీ కట్టించుకునే బాబూమియా హోటల్లో పక్క బల్ల మీద తినేది వీళ్లే.

“సార్, మా హాల్‌టికెట్లు మీ డబ్బాల ఉన్నయ్” అన్నాడు జుల్ఫికర్.

“పేరు రాయలేదు సార్ మేము. ఇజ్జత్ కాపాడినం” అంది సోనీ.

నందు భయమల్లా ఒక్కటే. నిజం చెబితే సుజన నవ్వుతుంది, లేదా కోప్పడుతుంది. రెండింట్లో ఏది జరిగినా రేపటి నుంచి ఆ మధ్యాహ్నం అరగంట ఉండదు. ఆ అరగంట కోసమే అతను రోజూ అలారం పెట్టుకుని లేస్తున్నాడు. కానీ తన పిరికితనానికి నలభై రెండు మంది పిల్లలు పరీక్ష పోగొట్టుకోవడం ఏ లెక్కలోనూ సరిపోలేదు. బెల్లుకు ఇంకా రెండు నిమిషాలుంది. తలుపు కూడా తట్టకుండా ప్రిన్సిపాల్ గదిలోకి దూరాడు.

“సార్, పిల్లలు కాపీ కొట్టలే. చూసిందే రాసిండ్రు. ఆ ఒకాయన నేనే. మా అమ్మ ఏ పొరపాటూ చేయలే. సుజన మేడం అంటే నాకు ఇష్టం. నోట్లకెల్లి ఆ మాట రాక మూడు నెల్ల సంది ఖిచిడీ తెస్తున్న.”

ప్రిన్సిపాల్ ఈశ్వరయ్య కునుకు ఆపి కళ్లజోడు పెట్టుకున్నాడు. “ఏ పిల్లలయ్యా? కాపీ ఏంది? నాకు ఎవ్వరూ ఏం చెప్పలే.”

నందు వెనక్కి తిరిగాడు. గుమ్మంలో సుజన ఉంది. ఆమె చేతిలోని పైపేపరు మీద ఎర్ర ఇంకుతో పదికి పది వేసి ఉంది.

“పొద్దుగాలనే అందరికీ ఫుల్ మార్కులు వేసిన” అంది. “హాల్‌టికెట్ల ముచ్చట అబద్ధం. క్లాసుకు గూడ చెప్పే చేసిన.”

“నీతి మేడం అయ్యుండి గిట్ల చేస్తరా?” అన్నాడు నందు.

“ఎవరికీ నష్టం లేదు కదా సార్.” సుజన నవ్వు ఆపుకోలేకపోయింది. “మొన్న ఆదివారం మీ పాల దుకాణానికి పోయిన. ఖట్టా మస్తుంటదమ్మా, ఎట్ల చేస్తరు అని మీ అమ్మను అడిగిన. ఖట్టా నాకు రానే రాదు బిడ్డా అన్నది.”

నందు ఒక అడుగు ముందుకేశాడు. “ఇంకేమన్నది?”

“డబ్బాల సంగతి చెప్తే, మావోడు ఇన్నేండ్లకు ఒక పని మంచిగ చేసిండు అన్నది. లీటరు పాలు ఊరికెనే ఇచ్చింది.”

బెల్లు మోగింది. ఈశ్వరయ్య మళ్లీ కళ్లజోడు తీసేశాడు. “లగ్గం ముచ్చట బయట మాట్లాడుకోండి. క్లాసుకు లేటవుతది.”

వరండాలో నందు అడిగాడు. “మరి రేపు డబ్బా తేవాల్నా?”

“వద్దు. మూడు నెల్ల సంది చల్లారిందే తింటున్న” అంది సుజన. “రేపు పొద్దుగాల బాబూమియా కాడనే కూసుందాం. వేడిగ తిందాం.”