కాపలా లేని తలుపు

వాలర్టన్ గ్రామర్ స్కూలు మూతబడి నలభై ఏళ్లయింది. ఇప్పటికీ పొద్దుగూకాక దాని పై అంతస్తు వరండాలోకి ఎవరూ ఒంటరిగా పోరు. ఎప్పుడో పోయిన హెడ్మాస్టర్ హార్డకర్ ఇంకా అక్కడే తిరుగుతున్నాడని చెప్పుకుంటారు. గంట కొట్టాక వచ్చే కుర్రాళ్లను పట్టుకోడానికి బతికున్నన్నాళ్లూ అక్కడే నిలబడేవాడు. క్లాసులోకి వచ్చేముందు బెత్తంతో తలుపు మీద మూడు దెబ్బలు వేసేవాడు — నింపాదిగా.

సగ్డెన్ ఇవేవీ నమ్మడు. ఆ నవంబరు సాయంత్రం అతని బాధంతా బతికున్నవాళ్లతోనే.

స్కూలు పాత విద్యార్థుల ఫ్రీమేసన్ సంఘానికి — రహస్య ఆచారాలు పాటించే సోదర సంఘం అది — అతను కార్యదర్శి. ఆ పై అంతస్తు వరండా చివరి గదిలోనే వాళ్ల సభలు. లోపల ఐదుగురు లేనిదే సభ తెరవకూడదు. ఇప్పటికే రెండుసార్లు తెరవలేకపోయారు. ఇవాళ కూడా అంతే అయితే సంఘం రద్దు. పంతొమ్మిది మందికి ఫోన్లు చేశాడు. ఒకడికి మోకాలు నొప్పిట, ఇంకొకడికి టీవీలో ఫుట్‌బాలట! తనతో కలిపి తేలింది నలుగురు.

"ఐదోవాడు బయటే ఉన్నాడుగా," గొణిగాడు అధ్యక్షుడు గెడ్లింగ్.

బయట ఆచారం ప్రకారం కత్తి పట్టుకుని కాపలా కూర్చున్నది ముసలి ఆక్రాయిడ్.

"కాపలావాడు లెక్కలోకి రాడ్రా!" సగ్డెన్‌కు ఒళ్లు మండింది. "లోపలికి పిలిస్తే కాపలా ఉండదు. కాపలా లేకుండా సభ తెరవకూడదు. నీకు తెలీదూ?"

"అయితే ఇంటికి పోయి పడుకుందామా?"

సగ్డెన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్ల చాకిరీ... ఒక్క మనిషి తక్కువై మట్టిలో కలిసిపోవడమా! విసురుగా తలుపు తీశాడు.

"లోపలికి రండి ఆక్రాయిడ్ గారూ. ఎవడడుగుతాడో చూస్తాను!"

ఆక్రాయిడ్ కత్తితో సహా వచ్చి కూర్చున్నాడు. తలుపు గడియ వేశారు.

సభ తెరిచేముందు లోపలినుంచి మూడుసార్లు తలుపు తట్టాలి. బయటి కాపలావాడు మూడుసార్లు తట్టి బదులివ్వాలి. బదులు రాదని తెలిసీ, అలవాటు కొద్దీ సగ్డెన్ తట్టాడు.

నిశ్శబ్దం...

ఠక్... ఠక్... ఠక్.

బయటినుంచి. నింపాదిగా. అది వేళ్ల చప్పుడు కాదు — బెత్తం.

గెడ్లింగ్ పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. ఐదుగురూ లోపలే ఉన్నారు.

"తలుపు తియ్యకురా..." గుసగుసలాడాడు.

సగ్డెన్ బల్ల దగ్గరికొచ్చి సభ పుస్తకం తెరిచాడు. కాపలాదారు గడిలో హార్డకర్ అని రాశాడు.

"మతిపోయిందట్రా నీకు?"

"పంతొమ్మిది మందిని బతిమాలాను," అన్నాడు సగ్డెన్. "పిలవకుండా వచ్చింది ఆయనొక్కడే. అదీ టైముకి! నువ్వు సభ మొదలెట్టు."

సంఘం నిలబడింది. సభ ఎనిమిదింటికే ముగిసింది.

తలుపు మాత్రం తెల్లారాకే తీశారు.