బాగ్చీగారి ముప్పై ఒకటో పాఠం

దుర్గాపూర్‌లో ఆ మధ్యాహ్నం వాన కురుస్తూనే ఉంది. కాలేజీలో వీడియో పాఠాలు తయారుచేసే గదిలోకి మాత్రం ఆ చప్పుడు రాదు. కుహేలి మరమరాల పొట్లం పక్కన పెట్టి హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. ప్రొఫెసర్ నిరుపమ్ బాగ్చీ ముప్పై ఒకటో పాఠం సాయంత్రంలోగా సరిచేసి ఇవ్వాలి. ఆయన పోయి నెల దాటింది.

"నమస్కారం. గత పాఠంలో నేల ఎంత బరువు మోస్తుందో చూశాం. ఈ పాఠంలో అది ఎప్పుడు కుంగుతుందో చూద్దాం."

ఎదుట కెమెరా తప్ప ఎవరూ లేకపోయినా ఆయనది తరగతి గది ధోరణే. నాలుగు ముక్కలు చెప్పి, "ఇక్కడిదాకా స్పష్టమేనా?" అని అడిగేవాడు. ఆగేవాడు. ఎవరో జవాబిచ్చినట్టు తల ఊపి ముందుకెళ్లేవాడు. ఆ ఖాళీలు ఎవరు చూస్తారని కుహేలి కత్తిరించేసేది. అది తెలిసి ఆయన ఒకసారి అందరి ముందూ ఆమెను దులిపేశాడు. నా పాఠం నరికితే నీ ఉద్యోగం ఊడగొడతానన్నాడు. ఇవాళ అడిగేవాడు లేడు. ఆమె కసిదీరా మొదటి ఖాళీ కోసేసింది.

వెనక్కి తిప్పి చూస్తే అది అలాగే ఉంది. మళ్లీ కోసింది. ఈసారి ఇంకా పొడుగైంది. బాగ్చీ తల ఊపడం లేదు. కన్నార్పకుండా చూస్తున్నాడు.

శబ్దం పెంచింది. ఖాళీలో ఊపిరి వినిపించింది. ఒకరిది కాదు... బెంచీలు కిర్రుమన్నాయి. గదిలో ఎక్కడిదో తడి మట్టి వాసన.

"స్పష్టం కాలేదు సార్," అన్నాయి చాలా గొంతులు, గుసగుసగా. "ఈవిడ అడగనివ్వడం లేదు."

తెర మీద బాగ్చీ ముందుకు వంగాడు. "కుహేలీ, నేను ఆగింది నీ కోసం కాదు."

హెడ్‌ఫోన్లు లాగి పారేసింది. గుసగుసలు ఆగలేదు... వెనక నుంచి వస్తున్నాయి. తిరిగి చూడకుండా తలుపు వైపు పరుగెత్తింది.

వరండాలో, ఆమెతో పనిచేసే పెద్దాయన తపన్‌దా చాయ్ తాగుతున్నాడు. ఆమె జరిగింది చెప్పగానే తనే లోపలికెళ్లి పాఠమంతా విని వచ్చాడు. ఖాళీలన్నీ పోయాయనీ, పాఠం శుభ్రంగా ఉందనీ అన్నాడు. మిగతాది తను చూసుకుంటానని చెప్పి ఇంటికెళ్లమన్నాడు.

కుహేలి మెట్ల వైపు తిరిగింది.

"ఆగమ్మా," అన్నాడు తపన్‌దా. గొంతు మారింది. "నీ వీపు మీద ఆ సుద్ద ఏంటి?"

ఆ భవనంలో సుద్దముక్క వాడి పదేళ్లయింది. కుర్తా వెనక తెల్లటి అరచేతి గుర్తులు... నడుము దగ్గర మొదలై మెడ వైపు పాకుతున్నాయి.

ఆయన చూస్తుండగానే ఇంకొకటి పడింది.