ఇంకా వద్దు అనే గొంతు

ఓసాకాలో డిసెంబరు పొద్దు తొందరగా వాలిపోతుంది. హిబినో పనిచేసే ధ్వని గదికి కిటికీ లేదు. అందుకని చీకటి పడ్డ సంగతి అతనికి వాసనతో తెలిసేది. పగలంతా అక్కడ పాత తివాచీ వాసన, వేడెక్కిన యంత్రాల వాసన. దీపాలు పెట్టే వేళకి వీధి చివరి దుకాణంలో ఓదెన్ పులుసు కుండ మూత తీస్తారు. ఉడికిన ముల్లంగి వాసన మెట్లెక్కి వచ్చి తలుపు సందులోంచి లోపలికి దూరుతుంది. అది ముక్కుకి తగలగానే అతను ఇంటికి ఫోన్ చేస్తాడు.

ఇల్లంటే కంపెనీ ఇచ్చిన ఒంటిగది కాదు. ఎక్కడో ఉత్తరాన, అకితాలో, మోకాలి లోతు మంచులో ఉన్న ఇల్లు. అక్కడ భార్య మసుమి, ఏడేళ్ళ కూతురు చినత్సు ఉంటారు. కంపెనీ బదిలీ చేస్తే పిల్లల బడి మార్చరు, భార్య ఉద్యోగం మాన్పించరు. మనిషి ఒక్కడే పెట్టె సర్దుకుని పోతాడు. ఆ తర్వాత వాడు ఫోన్లో తండ్రి.

ఆ పని హిబినో ప్రాణం పెట్టి చేసేవాడు. మెడకి శాలువా చుట్టుకున్నావా, దగ్గు తగ్గిందా, అన్నం నమిలి తిన్నావా, వెనక తలుపు గడియ వేశారా... అన్నీ అడిగి, సమాధానాలు నమ్మక, మళ్ళీ మసుమిని అడిగేవాడు.

"నాన్నా, మా టీచర్ కూడా ఇంత విసిగించదు," అనేది చినత్సు.

విసుగు పోగొట్టడానికి దాగుడుమూతలు ఆడేవాళ్ళు. కాళ్ళకి వెచ్చదనమిచ్చే కొతాత్సు బల్ల మీద పెట్టిన టాబ్లెట్ లోంచి హిబినో కళ్ళు మూసుకుని "రానా?" అని అరుస్తాడు. దూరంగా ఏ మూల నుంచో "ఇంకా వద్దు!" అని వినిపిస్తుంది. మళ్ళీ "రానా?" మళ్ళీ "ఇంకా వద్దు!" చివరికి "ఇక రా!" ఆ మాట అన్నాక దాక్కున్న పిల్ల నోరు విప్పకూడదు. విప్పితే ఓడినట్టే. అప్పుడు మసుమి టాబ్లెట్ ఎత్తుకుని గదులన్నీ తిరుగుతుంది. "ఎడమకి తిప్పు... తెర వెనక చూపించు," అని హిబినో వెతుకుతాడు.

ఓసారి ఎంత వెతికినా దొరక్కపోతే, "ఓడిపోయాను తల్లీ, ఆట అయిపోయింది, బయటికి రా," అని పిలిచి, రాగానే "దొరికావ్!" అన్నాడు. అలిగిన చినత్సు మర్నాటి దాకా మాట్లాడలేదు.

ఆఫీసులో మాత్రం అందరూ ఒకరి మీద ఒకరు పళ్ళు నూరుకుంటున్నారు.

కంపెనీకి పేరు తెచ్చిన వీడియో ఆట 'మంచు సత్రం'. హిబినో బళ్ళో చదివే రోజుల్లో వచ్చింది. పాడుబడ్డ సత్రం, పొడుగాటి నడవా, దాని చివర ఏమీ కనిపించని చీకటి. తర్వాత వచ్చిన మూడు భాగాలు ఒకదాన్ని మించి ఒకటి చప్పబడ్డాయి. ఇప్పుడు మొదటి ఆటకే కొత్త బొమ్మలు, కొత్త వెలుగు, శుభ్రం చేసిన ధ్వని పెట్టి మళ్ళీ అమ్మాలని నిర్మాత కురియామా పట్టుబట్టింది. నలభై దాటని మనిషి, నాలుకకి పదునెక్కువ. వద్దన్నవాడు ఉసామి. ఆట కట్టినవాడే. రిటైరయ్యాక సలహాదారు అని పేరు పెట్టి జిరాక్సు యంత్రం పక్కన కూర్చోబెట్టారు.

"మీ సత్రం కూలిపోతోంది ఉసామి గారూ. సున్నం వేస్తానంటే అడ్డం పడతారేం?" అంది కురియామా ఒక సమావేశంలో.

"సున్నమా? గోడలు పీకి అద్దాలు పెడుతున్నావు."

"నాలుగో భాగం మీ చేత్తోనే తీశారు. మీ ఇంట్లోవాళ్ళైనా కొన్నారా దాన్ని?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఉసామి వాళ్ళవైపు చూడలేదు. "దాంట్లో వెలుతురు పెంచమన్నారు, పెంచాను. అక్కడే చచ్చింది. ఇప్పుడు దాని తల్లిని కూడా చంపు."

"ఇప్పటి పిల్లలు మంచు సత్రం అంటే గదులు అద్దెకిచ్చే చోటు అనుకుంటున్నారు. మొదటిది కడిగి చూపిస్తేనే ఐదోది కొంటారు."

"కొంటారు. కొని, ఇంతేనా అంటారు. మొదటిది గుర్తున్నవాళ్ళు కూడా ఇంతేనా అంటారు. ఆ తర్వాత నీ దగ్గర పేరూ ఉండదు, సత్రమూ ఉండదు."

"అయితే పాతది ఇంటికి పట్టుకెళ్ళి దీపం పెట్టుకోండి."

బయట అభిమానులు ఇంతకన్నా మర్యాదగా ఏమీ లేరు. ఫోన్ తెరిస్తే తిట్లే. సత్రాన్ని ముట్టుకుంటే చేతులు పడిపోతాయని ఒకడు. శవాన్ని తవ్వి నగలు వలుచుకుంటున్నారని ఇంకొకడు. హిబినోకి లోలోపల వాళ్ళ మాటే నిజమనిపించేది. కొత్త బొమ్మల్లో నడవా చెక్కల మీద గీతలు కూడా కనిపిస్తున్నాయి కానీ భయం కనిపించడం లేదు. అయినా నోరు మూసుకున్నాడు. ఇది బాగా అమ్ముడైతే వసంతంలో అకితాకి దగ్గరున్న శాఖకి పంపిస్తానని కురియామా మాటిచ్చింది. చినత్సు రెండో తరగతి మొదలయ్యేటప్పుడు తను ఇంట్లో ఉంటాడు. అతనికి కావలసింది అదొక్కటే.

పాత ఆటలో నడవాలో నిలబడితే చీకట్లోంచి గాలి వీచినట్టు "రానా...?" అని వినిపిస్తుంది. ఒక పిల్ల గొంతు "ఇంకా వద్దు" అంటుంది. ఆట మొత్తం అంతే. "ఇక రా" అన్న మాట ఎక్కడా లేదు. ఆటకి ముగింపు లేదని ఇన్నేళ్ళుగా జనం సణుగుతూనే ఉన్నారు. ఆ ముగింపు ఈసారి ఇద్దామంది కురియామా. పాత టేపులో పిల్ల గొంతు బూజు పట్టిపోయింది కాబట్టి మొత్తం కొత్త గొంతుతో చేయమంది.

ఎందరు పిల్లల్ని పిలిపించినా నటనలా ఉందే తప్ప ఆటలా లేదు. చివరికి హిబినో మసుమిని అడిగాడు. చినత్సుని విడిగా అడిగాడు. ఇష్టం లేకపోతే వద్దు తల్లీ అని రెండు రోజులు ఆలోచించుకోమన్నాడు. స్ట్రాబెర్రీ కేకు కొనిపెడితే సరే అంది చినత్సు. ఒక సాయంత్రం దాగుడుమూతలు ఆడుతూ రికార్డు చేశాడు. గొంతు అతికినట్టు సరిపోయింది.

ఇక మిగిలింది 'రానా' అన్న ప్రశ్న. దాని మీది దుమ్ము అతను పొర పొరగా తీశాడు. అడుగున గాలి లేదు. ఊపిరి ఉంది. ఆడగొంతో మగగొంతో తేలలేదు. ఎవరు పలికారని ఉసామిని అడిగితే, "దాన్ని కడగకు," అని మాత్రం అని మొహం తిప్పుకున్నాడు.

కొంతభాగం మాత్రం ఉన్న ఉచిత ఆటను ఒక మధ్యాహ్నం జనంలోకి వదిలారు. అదే గంటకి పాత ఆటను అమ్మకంలోంచి తీసేశారు. పక్కపక్కన ఉంటే జనం పోల్చి చూస్తారని కంపెనీ భయం.

ఆ సాయంత్రం అందరూ సంవత్సరాంతపు విందుకి పోయారు. హిబినో మాత్రం ఆగాడు. ఆడేవాడిలా ఒక్కసారైనా మొదటి నుంచి విని వెళ్దామనుకున్నాడు. బయట వాన. హెడ్‌ఫోన్లు పెట్టుకుని దీపం తగ్గించాడు. తెర మీద నడవా తెరుచుకుంది.

"రానా...?"

"ఇంకా వద్దు!" అంది చినత్సు.

హిబినో నవ్వుకున్నాడు.

"రానా...?"

ఈసారి దగ్గరగా. తను అంత దగ్గరగా పెట్టలేదు.

"ఇంకా వద్దు!"

"రానా...?"

చెవి పక్కనే. వెచ్చగా కూడా అనిపించింది.

"ఇక రా!"

నిశ్శబ్దం. నడవాలో ఒక చెక్క కిర్రుమంది... అంతే. ఇంకేమీ లేదు.

హిబినో ఆట ఆపి మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. చినత్సు గొంతు ఉంది. ప్రశ్న లేదు. అసలు ఫైలు తెరిచి చూశాడు. ప్రశ్న ఉండాల్సిన చోట ధ్వని గీత చదునుగా పడుకుని ఉంది. పాత టేపు నుంచి తీసిన నకలు చూశాడు. అక్కడా చదునే. ఎవరో లేచి వెళ్ళిపోయిన కుర్చీలా ఉంది.

తలుపు తెరుచుకుంది. గొడుగులోంచి నీళ్ళు కారుతూ ఉసామి నిలబడ్డాడు.

"మా అమ్మాయి ఫోన్ చేసింది," అన్నాడు నెమ్మదిగా. "కొత్త ఆట పెట్టి చూసిందట. ఆ పిల్ల 'ఇక రా' అంటోందట. నిజమేనా?"

"నిజమే."

"ఎవరి పిల్ల?"

"మా... మా చినత్సు."

ఉసామి గోడకి ఆనుకున్నాడు. "ఆ ప్రశ్న మేము రికార్డు చెయ్యలేదయ్యా. ఆట కడుతున్నప్పుడు దానంతటదే వచ్చింది. తీసేస్తే మర్నాడు మళ్ళీ ఉండేది... ఇంకాస్త దగ్గరగా. ఒకరోజు మా అమ్మాయి ఆఫీసుకొచ్చి, ఎవరో ఆడుతున్నారనుకుని 'ఇంకా వద్దు' అంది. అక్కడితో ఆగింది. ఆ మాటే ఆటలో పెట్టేశాం. లోకంలో ఎవరో ఒకరు ఆడుతూనే ఉంటారు కదా... అది వింటూనే ఉంటుంది అనుకున్నాం."

"ముందే చెప్పొచ్చు కదా!"

"చెప్తే కురియామా ప్రకటనలో వేసుకునేది." ఆ మాటకి ఇద్దరూ నవ్వలేదు. "ఇది బయటికి వదిలి ఎంతసేపయింది?"

"మధ్యాహ్నమే వదిలారు."

"పాతది?"

"తీసేశారు."

హిబినో ఫోన్ అందుకుంటే తెర మీద కురియామా పంపిన మాటలు మెరుస్తున్నాయి. 'ఎగబడుతున్నారయ్యా! సత్రం బతికింది. అందరి నోటా మీ పాప గొంతే. వసంతంలో ఇంటికి పో.'

అతను మసుమి నంబరు నొక్కాడు.

"ఏంటి?" అంది మసుమి గుసగుసగా, నవ్వుతూ. "ఒకపక్క ఆడుతూ ఇంకోపక్క ఫోనేంటి?"

"ఏం ఆట?"

"నువ్వే కదా టాబ్లెట్లో పిలిచావు. తెర నల్లగా ఉంది, కెమెరా పాడయిందనుకున్నా. చినత్సు దాక్కుంది. నేను నిన్ను మోసుకుని తిరుగుతున్నాను, చేతులు లాగేస్తున్నాయి."

"మసుమీ... నేను పిలవలేదు."

 ఆమె ఊపిరి వెనక నుంచి, అకితాలోని ఆ ఇంట్లోంచి, హిబినోకి తన గొంతే వినిపించింది.

"కుడికి తిప్పు... మేడ మీదకి."

"కింద పెట్టు! మసుమీ, దాన్ని కింద పెట్టేయ్!"

ఏదో నేలకి కొట్టుకున్న చప్పుడు. ఆ తర్వాత గొంతు లేదు. మేడ మెట్ల చప్పుడు వినిపించింది. ఎవరో తొందర లేకుండా ఎక్కుతున్నారు.

"మెట్ల మీద ఎవరూ లేరు," అంది మసుమి. "మెట్లు... మెట్ల మీద ఎవరూ లేరు."

"చినత్సూ!" ఫోన్లోకి గొంతు చించుకున్నాడు హిబినో. "'ఇంకా వద్దు' అను! అను తల్లీ!"

జవాబు లేదు. 'ఇక రా' అన్నాక నోరు విప్పకూడదు. అది ఆట నియమం.

"ఆట అయిపోయింది! నేను ఓడిపోయాను! బయటికి రా!"

జవాబు లేదు. ఒకసారి మోసపోయిన పిల్ల.

మసుమి మేడ మీదకి పరుగెత్తుతోంది. తలుపులు లాగుతున్న చప్పుడు. ఒకటి. ఇంకొకటి. హిబినో ఎదురుగా ఉన్న మైకుని రెండు చేతులా పట్టుకున్నాడు. అది ఎవరికి వినిపిస్తుందో, అసలు వినిపిస్తుందో లేదో తెలియదు.

"ఇక్కడ... నేనిక్కడున్నాను. నా దగ్గరికి రా. ఇక రా."

ఉసామి కళ్ళు మూసుకున్నాడు.

యంత్రాల రొద. వాన. ఇద్దరి ఊపిరి. ఇంకేమీ లేదు... ఏదీ రాలేదు.

"దొరికింది," అంది ఫోన్లో మసుమి ఏడుస్తూ. "పరుపుల అలమరలో. బాగానే ఉంది... ఏమీ కాలేదు. బాగానే ఉంది."

హిబినో తివాచీ మీదే కూలబడ్డాడు. ఉసామి అతని భుజం మీద చెయ్యి వేశాడు. కాసేపటికి ఫోన్లో పిల్ల ఊపిరి దగ్గరగా వినిపించింది.

"నాన్నా, అమ్మ ఎందుకు ఏడుస్తోంది?"

"ఏం లేదు బంగారం. నువ్వు... చలి వేస్తోందా? ఎక్కడైనా నొప్పిగా ఉందా?"

"లేదు. నువ్వు ఇవాళ బాగా వెతికావు."

హిబినో ఫోన్ చెవికి అదుముకున్నాడు. "నేనా?"

"అలమర తలుపు కొంచెం తీసి, లోపలికి వంగావు కదా. మరి దొరికావ్ అని అనలేదేం?"

"చినత్సూ... అప్పుడు నేను ఏం చేశాను?"

"నా చెవిలో చెప్పావు."

"ఏం చెప్పాను తల్లీ? నాన్నకి చెప్పు. ఏం చెప్పాను?"

చినత్సు ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టుంది. గొంతు బాగా తగ్గించి, ఎంతో బుద్ధిగా అంది:

"చెప్పకూడదు. ఎవరికీ చెప్పొద్దన్నావు. నాన్న ఫోన్ చేసి అడుగుతాడు, అప్పుడు కూడా చెప్పొద్దన్నావు."