కాశీవిశ్వనాథంగారి గుంట

కాట్రేనికోన పక్క లంకల్లో కొబ్బరి డొక్కల్ని, అంటే కాయ వలిచిన పీచు తొక్కల్ని, కాలవ గట్టున గుంటల్లో పాతి, పైన బురద కప్పి నానబెడతారు. పీచు తియ్యాలంటే అవి బాగా కుళ్లాలి. ఆ కంపు ఊరివాళ్లకి అలవాటే.

ఇన్‌స్పెక్టర్ మాణిక్యాలరావు మాత్రం ఆ మధ్యాహ్నం ముక్కుకి రుమాలు కట్టుకుని గుంటలు తవ్విస్తున్నాడు. తొంభై మూడులో ఈ గట్టునే ముగ్గురు ఆడవాళ్లు మాయమయ్యారు. శవాలు దొరకలేదు, చంపినవాడూ దొరకలేదు. మూలపడ్డ ఆ కేసుని పదేళ్లకి ఆయన పట్టుబట్టి తెరిపించాడు. వారం తిరక్కుండానే, నిన్న సాయంత్రం పీచు మిల్లు నుంచి ఇంటికి బయల్దేరిన ప్రశాంతి కనబడకుండా పోయింది. తను కెలికాడు కనకే ఆ హంతకుడు మళ్లీ లేచాడని ఆయన కుమిలిపోతున్నాడు. పిల్ల బతికుంటే చాలు, ఉద్యోగం పోయినా ఫరవాలేదు.

వాన అందుకుంది. గుంటలన్నీ నిండుతున్నాయి.

"అన్నీ తవ్వేశామా?"

"ఆయ్, అన్నీ అయిపోయేయండి," అన్నాడు కానిస్టేబుల్ కొండబాబు. "కాశీవిశ్వనాథంగారిది తప్పండి. తొంభై మూడుకి ముందే ఆయన పోయేరు, కొడుకు మస్కట్ నుంచి రానేలేదు. కొడుకు చేత్తో మొదటి డొక్క తియ్యందే పోయినోళ్ల గుంట ఎవరూ ముట్టరండి."

"తొంభై మూడులో వెతికినప్పుడు కూడా ముట్టలేదా?"

"లేదండి," అంటూ కొండబాబు ఆ గుంట వైపు చెయ్యి చూపించాడు.

మాణిక్యాలరావు పరుగెత్తాడు. ఆనాడు మాయమైన ముగ్గురిలో ఒకరైన అన్నపూర్ణ తల్లి ఆదిలక్ష్మి, తడుస్తూ వెనకే వచ్చింది. గుంట మీద బురద కొత్తది. బోర్లా పడుకుని రెండు చేతులతో డొక్కలు లాగి పారేశాడు. లోపల చీకటి... నీళ్ల గుడగుడ... సన్నగా ఒక మూలుగు.

"బాబుగారూ..." అంటూ ఆదిలక్ష్మి పక్కన కూర్చుని తనూ చేతులు దింపింది.

జుట్టు తగిలింది. తర్వాత భుజం. ఇద్దరూ కలిసి పైకి లాగారు. ప్రశాంతి! కాళ్లూ చేతులూ కొబ్బరి తాడుతో కట్టేసి ఉన్నాయి. ఊపిరి ఉంది. మాణిక్యాలరావు భోరుమని ఏడ్చేశాడు.

"ఆ అక్కని కూడా తియ్యండి," గొణిగింది ప్రశాంతి. "రాత్రంతా నా తల నీళ్లపైన పట్టుకుంది..."

ఆయన కుడిచెయ్యి మళ్లీ లోపల పెట్టాడు. చల్లటి వేళ్లు మణికట్టు చుట్టూ బిగుసుకున్నాయి.

"ఉంది! పట్టుకుంది!"

ఎడమచెయ్యి కూడా దింపి, దొరికినదాన్ని బలంగా లాగాడు. తేలిగ్గా వచ్చేసింది. ముంజేతి ఎముక. దానికి ఆకుపచ్చ గాజులు.

"నా తల్లే... అన్నపూర్ణా..." ఆదిలక్ష్మి గాజులు గుర్తుపట్టి దాన్ని ఒళ్లోకి తీసుకుని కుప్పకూలింది.

కొండబాబు దిగి ఒక్కో ఎముకా గట్టుకి అందించాడు. కాళ్లకి బురద నేల తగిలింది. "ఇంకేం లేదండి. ఆ కుడిచెయ్యి కూడా బయటికి తీసేయండి సార్."

మాణిక్యాలరావు కదల్లేదు. నీళ్లలో ఆ వేళ్లు ఇంకా ఆయన్ని వదల్లేదు.