సాయంత్రానికి మిగిలిన కోపం

"నువ్వు ఉప్పూ కారం తినడం లేదా ఫెరెటీ?"

మెట్టెక్కుతూనే అరిచింది లోసా. సామోవా ఊళ్ళలో ఇళ్ళకు గోడలుండవు కాబట్టి ఆ అరుపు చుట్టుపక్కల అందరికీ వినబడింది. విననీ! ఈ పెళ్ళి మాట తెంచేసుకునే ఇంటికెళ్తుంది ఇవాళ.

ఫెరెటి వాళ్ళ నానమ్మ సొలెమా కాళ్ళకు కొబ్బరినూనె రాస్తున్నాడు. తలెత్తి నవ్వాడు. ఆ నవ్వుకి లోసాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"కూర్చో. చెమటలు కారిపోతున్నాయి."

"కూర్చోను! మధ్యాహ్నం భోజనాల్లో మా పెదనాన్న ఏమన్నాడు? 'తుఫానుకి పడవ పోయింది, ఇంట్లో మూలన పడ్డ ముసలిది. నా పిల్లకేం పెడతావురా, కొబ్బరి చిప్పలా?' అన్నాడు. చర్చి నుంచి వచ్చిన చుట్టాలంతా పగలబడి నవ్వారు. నువ్వేమో దుంప ముక్క నోట్లో పెట్టుకుని తల దించుకున్నావ్!"

"దుంప బాగా ఉడికింది మరి."

"చూశావా! పోనీలే, సర్లే, కానీలే. ఇవి తప్ప నీకు మాటలే రావు. రేపు నన్నెవరైనా తిట్టినా పోనీలే అంటావ్. ఇక నీకూ నాకూ..."

భోమ్మని శంఖం మోగింది.

లోసా తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. సాయంత్రం ప్రార్థన వేళ! కోపంలో పొద్దు వంక చూసుకుంటేగా! మళ్ళీ శంఖం ఊదేదాకా ఎక్కడివాళ్ళు అక్కడే కూర్చోవాలి. దారి మలుపులో కర్రలు పట్టుకుని కాపలావాళ్ళు నిలబడే ఉన్నారు. ఇప్పుడు కాలు బయటపెడితే ఇంటి పరువంతా పోతుంది. తిట్టుకుంటూనే చాప మీద కూలబడింది.

ఎదురింటివాళ్ళు చూడనే చూశారు. పెళ్ళికాని పిల్ల ఫెరెటి ఇంట్లో ప్రార్థనకు కూర్చుంది! తెల్లారేసరికి ముహూర్తం కూడా పెట్టేస్తారు. తెంచుకోవడానికొచ్చి ముడేసుకున్నట్టయింది, ఖర్మ!

నానమ్మ పాట ఎత్తుకుంది. పళ్ళు కొరుకుతూనే లోసా కూడా గొంతు కలిపింది. ఓరగా చూస్తే ఫెరెటి పిడికిళ్ళు బిగుసుకుని ఉన్నాయి. మెడ మీద నరం కొట్టుకుంటోంది.

"ఆమెన్. ఊఁ, ఇక కక్కండి," అంది నానమ్మ.

"ఏంటవ్వా కక్కేది?"

"కోపాలు. మా ఇంట్లో రోజూ ఇంతే. పొద్దుట్నుంచీ వచ్చినవన్నీ ప్రార్థన దాకా నోట్లోనే ఉంచుకోవాలి. సగం వాటంతటవే చస్తాయి. చావనిది బయటికి చెప్పాలి. చెప్పాకే కూడు. ఇందాక నువ్వరుస్తుంటే విన్నా, ముసలిదన్నాడుగా మీ పెదనాన్న. ముసలిదాన్నే కదా, నాది చచ్చింది. నువ్వు చెప్పరా."

"పడవ ఊసెత్తగానే కూర గిన్నె ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది," అన్నాడు ఫెరెటి. "అదీ చచ్చింది. ఒక్కటి మాత్రం చావలేదు."

లోసా వైపు తిరిగాడు. ఇప్పుడు నవ్వడం లేదు.

"నీ మీద."

"నా మీదా?"

"ఆయన అంటున్నంతసేపూ నా పక్కనే ఉన్నావ్, విసనకర్రతో ఈగలు తోలుతూ. పెళ్ళి కుదరకముందే నేను ఆయన మీద నోరెత్తితే తప్పు. నువ్వు ఆయన పిల్లవి. ఒక్క మాటన్నావా? అక్కడ మింగి, ఇక్కడికొచ్చి నా మీద కక్కుతున్నావ్. ఒళ్ళు మండిపోతోంది లోసా నాకు!"

గట్టిగా తిరిగి అనాలనుకుంది లోసా. మొహం భగ్గుమంది. మధ్యాహ్నం నుంచీ రగిలిపోతున్నది ఎవరి మీదో అప్పుడు తెలిసొచ్చింది. పెదనాన్న మీదా కాదు, ఈ పిచ్చిమొహం మీదా కాదు. తన మీదే. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

రెండో శంఖం మోగింది. దారి తెరుచుకుంది.

"పిల్లా, నీది చెప్పలేదు," అంది నానమ్మ.

"ఇక్కడ చెప్పేది కాదవ్వా." కళ్ళు తుడుచుకుని లేచింది. "పద ఫెరెటీ, మా పెదనాన్న దగ్గరికి. అరవనులే. నువ్వు పక్కనుండు, చాలు."

వాళ్ళు వెళ్ళేసరికి పెదనాన్న కాఫీ తాగుతున్నాడు. లోసా ఎదురుగా కూర్చుంది. ఫెరెటి పక్కనే నిలబడ్డాడు.

"మధ్యాహ్నం నువ్వన్న మాటలు తప్పు పెదనాన్నా. నేను చేసుకుంటే ఇతన్నే చేసుకుంటాను. వాళ్ళ నానమ్మనీ నేనే చూసుకుంటాను."

పెదనాన్న కప్పు కింద పెట్టాడు. ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"వీడికి నోరు లేదా, నువ్వొచ్చి చెప్తున్నావ్?"

"ఉంది పెదనాన్నా. మధ్యాహ్నం లేనిది నాకు."

ఆయన కాస్త పక్కకు జరిగి, ఫెరెటికి తన పక్కన చోటు చూపించాడు.