పెన్‌డ్రైవ్‌లో నాన్న గొంతు

శుక్రవారం మధ్యాహ్నం. ఏడో తరగతి పిల్లలంతా బడిలోని కంప్యూటర్ గదిలో ఒకరి భుజాల మీద ఒకరు పడి చూస్తున్నారు. అక్కడున్న నాలుగు కంప్యూటర్లలో కిటికీ పక్కది వారం నుంచి మొరాయిస్తోంది. స్విచ్ వేస్తే నల్లటి తెర మీద ఒక తెల్లగీత మిణుకుమిణుకుమంటుంది, అంతే.

దాన్ని దారిలో పెట్టాలంటే ఆపరేటింగ్ సిస్టమ్ మళ్ళీ కొత్తగా ఎక్కించాలని పెంచలకృష్ణ సారు ముందురోజే చెప్పారు. ఇదివరకు ఆ పని సీడీతో చేసేవారట. ఈ కంప్యూటర్‌లో సీడీ పెట్టే అర తెరుచుకోవడమే మానేసింది. అందుకని పెన్‌డ్రైవ్ కావాలి. మామూలుగా ఫైళ్ళు కాపీ చేస్తే చాలదు. కంప్యూటర్ ఆన్ కాగానే ఆ పెన్‌డ్రైవ్‌నే చూసి పని మొదలుపెట్టేలా దాన్ని ప్రత్యేకంగా తయారుచేయాలి.

ఖాళీ పెన్‌డ్రైవ్ ఎవరైనా తేగలరా అని ఆయన అడిగితే అందరికంటే ముందు ఫరీన్ చెయ్యెత్తింది. తన దగ్గర ఉందో లేదో ఆలోచించుకోకముందే చెయ్యి లేచిపోయింది. ఆ పిల్ల చెయ్యి ఎప్పుడూ అంతే, బుర్రకంటే ఒక అడుగు ముందుంటుంది.

ఇంట్లో ఉన్న పెన్‌డ్రైవ్ ఒక్కటే. అది వాళ్ళ నాన్న హనీఫా ఆటోలో, మైకుపెట్టెకు గుచ్చి ఉంటుంది. హనీఫా ఆటోలో ఎండు చేపలు వేసుకుని తోటపల్లి గూడూరు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి అమ్ముతాడు. ఇంటికి తిరిగి వచ్చే దారిలో దాంట్లోని పాటలు వింటాడు. శుక్రవారం ఆటో బయటికి తీయడు. అందుకే ఆ రోజు పొద్దున ఫరీన్ చడీచప్పుడు లేకుండా పెన్‌డ్రైవ్ తీసి బడిసంచిలో వేసుకుంది. అడిగితే వద్దంటాడేమోనని అడగలేదు.

"ఇందులో ఏమన్నా ఉన్నాయా అమ్మా?" కంప్యూటర్ గదిలో దాన్ని అందుకుంటూ అన్నారు సారు.

"పాటలే సార్. మళ్ళీ ఎక్కించుకోవచ్చు."

"నాన్నను అడిగినావా?"

ఫరీన్ తల ఊపింది. ఆ ఊపు అవునో కాదో చూసేవాళ్ళ ఇష్టం.

సారు ఆమెనే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, కొనసాగించాలా అని తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఫరీన్ మొదటి రెండు మాటలు చదివి ఓకే నొక్కేసింది. పావుగంటలో పెన్‌డ్రైవ్ తయారైంది. దాన్ని పాత కంప్యూటర్‌కు పెట్టి స్విచ్ వేయగానే నల్లటి తెర పోయి నీలం తెర వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఫరీన్‌కు నేల మీద కాళ్ళు నిలవలేదు. సాయంత్రం ఇంటికి రాగానే పెన్‌డ్రైవ్‌ను ఉన్నచోటే పెట్టేసింది. పాటలు పోయాయని రేపు చెబుదాంలే అనుకుంది.

మర్నాడు రెండో శనివారం, బడి లేదు. ఫరీన్ వాకిట్లో మొహం కడుక్కుంటుంటే హనీఫా ఆటో ఎక్కి మైకుపెట్టె బటన్ నొక్కాడు. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాడు. పెట్టె నెత్తిన రెండు దెబ్బలు వేశాడు. అయినా పలకలేదు.

రోజూ ఆ బటన్ నొక్కగానే హనీఫా గొంతు వినిపించేది. "ఎండు నెత్తళ్ళమ్మా, ఎండు రొయ్యలమ్మా, మీ ఇంటి ముందరికే వచ్చినాయి, గిన్నెలు తెచ్చుకోండమ్మా" అని. రెండేళ్ళ కిందట గొంతు కంచులా మోగే రోజుల్లో రికార్డు చేయించుకున్నాడు. అది కూడా పెన్‌డ్రైవ్‌లోనే ఉందన్న సంగతి ఫరీన్‌కు అప్పుడు తట్టింది. మైకులోంచి వచ్చే గొంతు మైకులోనే ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకుంది. మొహం కడుక్కోవడం ఆపేసింది.

హనీఫా ఇప్పుడు అరవకూడదు. గొంతులో పుండు లేచిందని, నెలరోజుల పాటు గట్టిగా మాట్లాడకూడదని, మాట్లాడితే ఉన్న గొంతు కూడా పోతుందని నెల్లూరులో డాక్టరు చెప్పి పదిరోజులే అయింది. ఇంట్లో కూడా గుసగుసగానే మాట్లాడుతున్నాడు. ఆ రికార్డు ఉంది కాబట్టే వ్యాపారం నడుస్తోంది.

పెట్టె చెడిపోయినట్టుందని, ఈ పూటకు ఎట్టాగో నోటితోనే కేకేసుకుంటానని హనీఫా భార్యకు సైగలతో చెప్పాడు. వద్దని ఆమె మొత్తుకుంది. సరుకంతా ఆటోలో ఎక్కించేశాను, రేపు ఆదివారం కూరలకు ఈ రోజే కొంటారు అన్నట్టు చేతులు తిప్పి, ఒకసారి గొంతు సవరించుకుని చూశాడు. దగ్గు తెరలు తెరలుగా వచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఫరీన్ నోరు మూసుకుని ఉంటే నెపం మైకుపెట్టె మీదికే పోయేది. ఆ ఆలోచన ఆమెకు రాకపోలేదు. కానీ నాన్న దగ్గు ఆగడం లేదు.

"పెట్టె చెడిపోలేదు నాన్నా. నేనే చెరిపేసినాను," అంది. నిన్న జరిగిందంతా ఏడుస్తూ చెప్పింది. సారుతో ఆడిన అబద్ధం కూడా దాచలేదు.

హనీఫా కూతురి వైపు తిరిగాడు. కోపం వచ్చింది, మొహంలో తెలిసిపోతూనే ఉంది. తర్వాత గుసగుసగా అన్నాడు. "తిట్టాలన్నా గొంతు లేదు కదమ్మా నాకు."

తిట్టి ఉంటే ఫరీన్‌కు అంత బాధ ఉండేది కాదు. అమ్మ ఫోన్ నుంచి తనే సారుకు ఫోన్ చేసింది. నాన్నను అడగనే లేదని ముందు ఒప్పుకుంది. దాని మీద కొత్తవి రాసేశాం కదా, పాతది దొరుకుతుందని మాట ఇవ్వలేనని, సోమవారం ప్రయత్నించి చూస్తానని ఆయన అన్నారు. చెరిపే ముందు తాను కూడా ఒకసారి తెరిచి చూడాల్సిందని నొచ్చుకున్నారు.

సోమవారం సరే, ఈ రోజు సంగతేమిటి? హనీఫా అప్పటికే ఆటో స్టార్ట్ చేస్తున్నాడు. ఫరీన్ పరుగెత్తుకెళ్ళి పక్కన కూర్చుని, మైకుపెట్టెకు వేలాడుతున్న చేతిమైకు అందుకుంది.

"నువ్వు తోలు నాన్నా. నేను చెప్తా."

హనీఫా ఆమె వైపు వింతగా చూశాడు. బడి ముందు నుంచి ఈ ఆటో పోతే ఫరీన్ గోడ చాటుకు తప్పుకుంటుందని ఆయనకు తెలుసు. తెలిసినా ఎప్పుడూ అడగలేదు.

మొదటి వీధి బిందు వాళ్ళదే. బిందు ఫరీన్ తరగతే. ఎండు చేపల కేకను అచ్చంగా అనుకరించి తరగతినంతా నవ్వించేది కూడా ఆ పిల్లే. ఇప్పుడు గేటు దగ్గర నిలబడి పళ్ళు తోముకుంటోంది. ఫరీన్ మైకు నోటి దగ్గర పెట్టుకుంది కానీ ఊపిరి చప్పుడు తప్ప ఏమీ రాలేదు. బిందు బ్రష్షు నోట్లోనే పెట్టుకుని కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది. హనీఫా ఆటో నెమ్మది చేసి, తనే అరవడానికి గొంతు సవరించుకోబోయాడు.

ఫరీన్ ఎడమచేత్తో నాన్న నోరు మూసింది.

"ఎండు నెత్తళ్ళమ్మా!" అంది మైకులో. గొంతు వణికింది. రెండోసారి వణకలేదు. "ఎండు రొయ్యలమ్మా! హనీఫా ఆటో వచ్చినాది, గిన్నెలు తెచ్చుకోండమ్మా!"

బిందు నోటి నిండా నురగతోనే లోపలికి పరుగెత్తింది. కాసేపటికి వాళ్ళమ్మను వెంటబెట్టుకుని, గిన్నె పట్టుకుని బయటికి వచ్చింది.